చీనా వీడుకోలు పద్యమును శంషాబాదు వాకిలియు

గడచిన శ్రావణమాసమున మా మేనకోడలు పైచదువునకై అమెరికాకు బయలుదేరగా, సాగనంపుటకు మేమును శంషాబాదు విమానాశ్రయమునకు పోయితిమి. పడమటి దేశములకు పోవు విమానములు పెక్కులు రాత్రివేళనే లేచును గనుక, అర్ధరాత్రమున ఆ వాకిట తీర్థమునందువలె జనము క్రమ్మియుండెను. పోవువా రొక్కరు, పంపువారు పదుగురు. టిక్కెట్టు లేనివారు తలుపు దాటరాదు. కావున మునుపు మన వీధియరుగులమీదను రైలుస్టేషనులలోను తీరికగా జరుగుచుండిన వీడుకోలంతయు ఇప్పుడు ఆ గాజుతలుపుల ముందరి చప్టామీదకు వచ్చి నిలిచినది. 2008 మార్చిలో బేగంపేటనుండి విమానములు ఇచ్చటికి తరలినది మొదలు, ఈ చప్టా చూచినన్ని కన్నీళ్లు మన ప్రాంతమున ఏ కల్యాణమంటపమును చూచియుండదు.

మా ప్రక్కనే యొక కుటుంబమువారు పెట్టెను నేలపై తెఱచి సర్దుకొనుచుండిరి. పెట్టె 23 కిలోలకు మించరాదట. అది రెండు కిలోలు మించినది. తల్లి ఆవకాయ పొట్లమును లోపల దూర్చి పుస్తకములు తీయును. కొమార్తె పుస్తకములు పెట్టి ఆవకాయ తీయును. తుదకు గోంగూర పొట్ల మొకటి బయటపడి తండ్రి చేతికి వచ్చెను. ఆయన దాని నేమి చేయవలెనో తెలియక, చంటిబిడ్డనువలె రెండుచేతులతో పట్టుకొని నిలుచుండెను. ఇంతలో ఆ యింటి పెద్దాయన ముందుకు వచ్చి, గొంతు సవరించుకొని, సుమతీశతకమునుండి యొక కందము చదివి, "ఇది జ్ఞాపకం పెట్టుకో" అని హెచ్చరించెను. ఆ పిల్ల బడిలో పాఠ మొప్పగించునప్పటివలె తల వంచుకొని విని, "అట్లాగే తాతయ్యా" అనెను. తల్లి పద్య మేదియు చదువలేదు. "చేరగానే ఫోను చెయ్యి. ఆకలితో పడుకోకు" అన్నది. ఇంతే.

ఆ రాత్రి అచ్చట మాకు వినబడిన పద్య మదొక్కటే. మంచి పద్యమే, చదివిన గొంతును మంచిదే. కాని ఆ వృద్ధుని కన్నులలో నీరు నిలిచియున్నది. ఆ నీటికిని ఆ పద్యమునకును ఏమియు సంబంధము లేదు. పైపెచ్చు ఆ నీటిని కప్పిపుచ్చుకొనుటకే ఆయన పద్యమును అడ్డము పెట్టుకొనినట్లు మాకు తోచినది. నిత్యజీవితమున పద్యమును నోట బెట్టుకొని బ్రదుకు జాతులలో మన మొకరము, చీనావా రొకరు. అయినను వారు పద్యమును వాడుకొను తీరును మనము వాడుకొను తీరును ఒకటి కావు. ఈ భేదమును గూర్చియే ఇచ్చట విచారింప దలచితిమి.

మెంగ్ జ్యావ్ (751–814) అను కవి తాంగు వంశపు ప్రభువుల కాలమున నుండెను. పేదవాడు. సర్కారు పరీక్షలో మునుపు తప్పి, 46వ యేట గట్టెక్కెను. ఏబది యేండ్ల ప్రాయమున లీయాంగ్ అను ఊర చిన్న యుద్యోగము దొరకినది. అచ్చటను కచ్చేరి పని మాని యేటియొడ్డున పద్యములు కట్టుచు కూర్చుండుటచే, ఆ పనికి మఱియొకని పెట్టి, ఇతని జీతము సగమునకు కోసిరని చరిత్రకారులు వ్రాసినారు. ఇట్టి యసమర్థుడైన యుద్యోగి పాదమున కైదక్షరముల చొప్పున ఆరు పాదములు, అనగా మొత్తము ముప్పది యక్షరములలో, తల్లిని గూర్చి యొక పద్యము చెప్పెను. అందున్న దెల్ల ప్రయాణమగు కొడుకు బట్టకు తల్లి వేయు కుట్టు, ఆమె మనసులోని బెంగ, ఆ ఋణము తీఱునా యను కొడుకు సందేహము. ఆ ముప్పది యక్షరములను చీనా బాలు రందఱును చిన్ననాడే కంఠస్థము చేయుదురు. పెద్దవారై దూరదేశముల నున్నప్పుడు పద్యమంతయు చదువ నక్కరలేదు. తల్లి చేతి దారమును సూచించిన చాలును, తక్కినది వినువానికి తెలియును.

ఇందొక విశేషము. ఈ పద్యము తల్లిని విడిచి బయలుదేరిన నాడు చెప్పినది కాదు. ఉద్యోగము దొరకినపిమ్మట తల్లిని లీయాంగునకు పిలిపించుకొని, ఆమె కెదురేగిన నాడు చెప్పినట్లు కవియే పద్యము తలయందు సూచించినాడు. ఎన్ని యేండ్ల క్రిందటి కుట్టో ఆనాటికి గుర్తునకు వచ్చినది.

"మాతృదేవో భవ" యని మనమును పిల్లలకు నేర్పుదుము. ఆ చీనా పద్యమును నేర్పునదియు అదియే. కాని మనమాట ఎదుటివానికి విధి. అతనిమాట తనకు తాను చెప్పుకొనిన సంగతి. అతడు ఏ బాలునివంకను వ్రేలు చూపలేదు. తన చొక్కావంక చూచుకొనెను, అంతే. వినెడి పిల్లవాడు తన చొక్కావంక తాను చూచుకొనును.

అన్నముమీది పద్యమును అట్టిదే. లీ షెన్ (772–846) పిదప మంత్రిపదవికి వచ్చినవాడు. చిన్నతనమున సేద్యగాండ్రనుగూర్చి రెండు చిన్న పద్యములు వ్రాసెను. అందొకటి యిరువది యక్షరములది. ఎండలో పొలము పనిచేయువాని చెమటను, కంచములోని మెతుకును ఒక్కచోట చేర్చి చూపును. ఇప్పటికిని చీనా యిండ్లలో పిల్లవాడు కంచమున అన్నము విడిచినచో తల్లి కసరుకొనుటకు బదులు ఈ పద్యము నెత్తుకొనును. నీతి యిందును కలదు, మిక్కిలి గట్టిదియే. కాని అది మెతుకులో నున్నది గాని, నాలుకమీద లేదు.

మన శతకములయం దిట్టి గుణము లేదని మేమనము. వేమన నెత్తికొనుడు. ఉప్పును కర్పూరమును, కుక్కను, చెప్పును, మేడిపండును, ఇంటిలోను వీధిలోను కంటబడు ప్రతి వస్తువును ఆయన పద్యమునకు సరకే. పైగా మకుటమున ఆయన తన పేరునే పిలుచుకొనెను. వినవలసినవా డెవడనగా వేమనయే! 1829లో బ్రౌనుదొర ఆ పద్యములను అచ్చొత్తించినది మొదలు నేటివఱకు మనము పిల్లలచే వానిని వల్లె వేయించుచునే యున్నాము. కాని ఆ మకుటమును తనకు తాను చెప్పుకొనువాని గొంతుతో చదివిన తండ్రిని మేము చూచి యెఱుగము. అన్నయు చెల్లెలిపైకి, అత్తయు కోడలిపైకి, మేష్టరు బడిపిల్లలపైకి విసరుటకే శతకము మన యిండ్లలో మిగిలినది. సుమతీశతకమునందు స్త్రీలను చులకన చేయు పద్యములను ఇంటిలోని ఆడవారి యెదుటనే నవ్వుచు చదువు పెద్దమనుష్యులను మీరును ఎఱుగుదురు. లోపము శతకకారునిదా, చదువరిదా? ఇద్దఱిదియు నని మా తీర్పు. కాని చదువరి పాలు హెచ్చు.

ఇక వీడుకోలు మాటకు వత్తము. చీనావారి ప్రాచీనకవిత్వమున వీడుకోలు పద్యములు ఒక పెద్దశాఖ. ఉద్యోగులను ఎల్లలకు పంపు రాజ్యము గనుక అట్లు పెరిగినది. మూడేండ్ల కొకమాఱు బదిలీ. నెలల తరబడి ప్రయాణము. మరల కలియుదుమో లేదో తెలియదు. వాంగ్ వెయ్ అను ఎనిమిదవ శతాబ్దపు కవి పడమటి యెల్లకు పోవు స్నేహితుని సాగనంపుచు చెప్పిన నాలుగు పాదముల పద్యము మిక్కిలి ప్రసిద్ధము. దానిని పాటగా కట్టి, పాదములను మరలమరల మడిచి పాడుచుండుటచే దానికి యాంగ్ కనుమ మూడు మడుపుల పాట యని పేరు వచ్చినది. అందు వాన వెలిసిన యుదయము, బసయింటి యొద్ద విల్లోచెట్లు, ఒక గిన్నెడు సారాయము తప్ప మఱి యేమియు లేదు. "నీవు పోవుచున్నావు, నాకు దుఃఖముగా నున్నది" అను మాట యెచ్చటను రాదు. విల్లో యేల యనగా, చీనాభాషలో ఆ చెట్టు పేరును "ఉండుము" అను మాటయు చెవికి దగ్గరగా వినబడును. అందుచే పోవువాని చేతికి ఆ చెట్టు కొమ్మ విఱిచి యిచ్చుట వారి యాచారము. నోటితో ఆపలేనివానిని కొమ్మతో ఆపుట.

ఆ పద్యము పుట్టిన చోటు వెయ్‌చెంగ్. అది ఛాంగాన్ రాజధానికి ఏటి కావలనున్న ఊరు. పడమటికి పోవువారిని బంధువులు అంతవఱకు వచ్చి పంపెడివారు. ఛాంగాన్ నేడు షీయాన్ నగరము. ఆ నగరపు విమానాశ్రయము షియాన్‌యాంగ్ పట్టణమున, నేటికిని వెయ్‌చెంగ్ అను పేరుగల భాగముననే యున్నది. పన్నెండు వందల యేండ్ల తరువాతను ఆ నగరవాసులు తమవారిని ఆ వైపునకే పోయి పంపివచ్చుచున్నారు. నగరమునకు వెలుపల, ఇంటివా రింతవఱకే రాదగిన చోటు ప్రతి రాజధానికి నొకటి యుండును. హైదరాబాదునకు అట్టిది శంషాబాదు. కాని వెయ్‌చెంగునకు పద్యమున్నది. శంషాబాదునకు లేదు.

చీనావారి వాడుక యంతయు మేలని మాత్రము చదువరులు తలపవలదు. ఏ పద్యమైనను వేయేండ్లు నలిగిన అరిగిపోవును. విల్లో అన్నచో దుఃఖము, చంద్రు డన్నచో ఊరిమీది బెంగ, అడవిబాతు అన్నచో జాబు — ఇట్లు లెక్కపుస్తకమువలె తయారైనపుడు, దుఃఖము లేనివాడును దుఃఖపద్యమును వ్రాయగలుగును. 1917లో హూ షీ "నవయువకుడు" అను పత్రికలో సాహిత్యసంస్కరణమునకు ఎనిమిది నియమములు చెప్పుచు, దుఃఖము లేనిదే మూలుగవలదనియు, పాతకథల సూచనలతో పొట్ట నింపవలదనియు, పల్లెవాని మాటను వెలివేయవలదనియు వ్రాసెను. ఆ యేండ్లలోనే ఇచ్చట గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాషకై పోరాడుచుండిరి. 1910లోనే గురజాడ అప్పారావుగారు ముత్యాలసరములను పలికించిరి. ఒకరి నొకరు ఎఱుగకయే ఇరువురి యిండ్లలోను ఒకే గోడ కూలుచుండెను.

అట్లయినను, ఆ సంస్కరణము గెలిచిన చీనాలో ఈ చిన్న పద్యములు చావలేదు. ఏల? మాకు తోచిన కారణ మొకటి కలదు. 1763 ప్రాంతమున సున్ జూ అను నొక యుద్యోగి, అంతకుముందు పిల్లలు చదువుచుండిన సంకలనము నచ్చక, తాంగు కాలపు పద్యములు మూడువందలు ఏర్చి పుస్తకము చేసెను. ఏర్చుటలో అతని భార్య షూ లాన్‌యింగ్ తోడ్పడినది. పండితసభకొఱకు గాక ఇంటిలో చదువుటకై ఆలుమగలు కూర్చిన పుస్తకమిది. అది యింటింట నిలిచినది. మన సంకలనములలో ఇల్లాలి ఎన్నిక యెంత యున్నదో చదువరులే విచారించుకొనవలెను.

మా యింటికి తిరిగివచ్చు త్రోవ ఆరాంఘరునుండి మెహదీపట్టణము వఱకు పదునొకండు కిలోమీటర్లకు పైగా సాగిన ఎత్తువంతెన. దానికి పి. వి. నరసింహారావుగారి పేరు పెట్టినారు. ప్రధానమంత్రి యని పెట్టినారు గాని, మాకా పేరు వినినప్పుడు విశ్వనాథ "వేయిపడగలు"ను "సహస్రఫణ్" అని హిందీ చేసిన అనువాదకుడే జ్ఞాపకము వచ్చును. బహుశః ఆ ప్రభావముననే కాబోలు, ఇల్లు చేరగానే మెంగ్ జ్యావ్ పద్యమును తెనిగించి మేనకోడలికి పంపవలెనని మాకొక బుద్ధి పుట్టినది. చీనాభాష మాకు రాదు. 1918లో ఆర్థర్ వేలీ మొదలుగాగల వారు ఇంగ్లీషు చేసిన త్రోవననే మేమును నడచువారము. ఆటవెలదిలో పెట్టి చూచితిమి. గణము నిండుటకు తల్లికి "కరుణామయి" యని చేర్చవలసి వచ్చెను. సూదికొక విశేషణము, దీపమున కొకటి. మూలమున దీపమే లేదు! రెండవ దినమున చదువుకొనగా, కుట్టు కనబడుట లేదు; మా విశేషణములే కనబడుచున్నవి. చించివేసితిమి. చీనా పద్యములను తెనిగింప నెంచువారికి మా చేదు అనుభవము కొంత పనికివచ్చును: సమాసము వచ్చినచోట వస్తువు పోవును. ముత్యాలసరమువంటి నడకయో, లేక ఉత్త వచనమో మేలు.

ఇచ్చట నొకమాట. తాంగుల తొలినాళ్లలోనే, ఇంచుమించు 639 ప్రాంతమున, హ్యుయన్‌త్సాంగు మన ఆంధ్రదేశమునకు వచ్చి, ధాన్యకటకమున కొన్ని మాసములుండి శాస్త్రము చదువుకొని పోయెను. స్వదేశమునకు తీసికొనిపోయిన గ్రంథములు 657. శేషజీవిత మంతయు వానిని తన భాషలోనికి మార్చుటలో గడపెను. ఆ బదులు మనము తీర్చినది మిక్కిలి కొంచెము.

తుదకు వచనములోనే నాలుగు వాక్యములు వ్రాసి పంపితిమి. ఆ పిల్లనుండి రెండు దినములలో జవాబు వచ్చినది. "బాగుంది మామయ్యా. కాని కొడుకు ఏమనుకున్నాడో ఉంది. ఆ తల్లి ఏమంది?"

మాకు నోట మాట రాలేదు. ఇన్ని యేండ్లుగా ఈ పద్యమును చదువుచు ఆ ప్రశ్న మేము వేసికొననే లేదు. ఆ తల్లి కుట్టుచున్నది, బెంగపెట్టుకొన్నది, మాటాడుట లేదు. ఆమె బెంగయు కొడుకు ఊహించి చెప్పినదే. స్త్రీల విరహమును గూర్చి చీనాలో పద్యములు కోకొల్లలు. వ్రాసినవారు మాత్రము పెక్కుమంది పురుషులు. పన్నెండవ శతాబ్దమునందలి లీ చింగ్‌జావ్ వంటి మహాకవయిత్రి లేకపోలేదు. అయినను ఇంటింట పిల్లల నోట నున్న పద్యములలో తల్లి తనకై తాను పలికినది అరుదు.

మన సంగతి యెట్టిది? గోదావరీతీరమున, శాతవాహనుల నాడు, హాలుడు కూర్చినట్లు చెప్పబడు గాథాసప్తశతిలో పల్లెటి స్త్రీలు నోరు విప్పి మాటాడుదురు. పొలము, ఎద్దు, వానకాలపు బాట, దేశాంతరము పోయిన పెనిమిటి — రెండేసి పాదములలో ఒక్కొక్క సంసారము. చీనావారి చిన్న పద్యమునకు మన దేశమున తోబుట్టువు ఏదన్నచో ఇదియే. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు దానిని తెనుగున రుచి చూపిరి. కాని అది పండితుల బీరువాలో నున్నది, వంటింటిలో లేదు. ఆ గొంతులయందును పురుషకవుల కల్పన యెంతయో తేల్చుట కష్టము.

నిజముగా ఆడవారు పాడుకొనిన వీడుకోలు పాట మనకొకటి యున్నది. అది అప్పగింతల పాట. కూతును అత్తవారింటికి పంపుచు పాడునది. మన పెండ్లిపందిళ్లలో నేటికిని రాతిగుండెలు సయితము కరగునట్లు చేయునది అదియే. అందు వస్తువు లున్నవి, ఇల్లున్నది, తల్లిగొంతు ఉన్నది. మఱి శంషాబాదు చప్టామీద దాని నేల యెవరును పాడరు? ఆ పాటలోని బోధన యట్టిది గనుక. అడిగినను ఎదురాడకుము, పదిమంది తినినపిమ్మట తినుము, పుట్టింటి పేరు నిలుపుము — ఈ తీరున సాగును. తన మార్కులతో తాను సీటు తెచ్చుకొని, బ్యాంకు అప్పుపత్రముమీద తన చేవ్రాలు తాను పెట్టి, ఒంటరిగా సముద్రములు దాటుచున్న యిరువదిరెండేండ్ల పిల్లకు ఆ బోధన యేమి పనికివచ్చును? "పదిమంది తినినపిమ్మట తిను" మని పెంపబడిన తల్లియే, కూతునితో "ఆకలితో పడుకోకు" అనుచున్నది. ఒక తరములో మాట యంత దూరము వచ్చినది. పద్యము రాలేదు.

అందుచే ఆ రాత్రి పెద్దాయన కందమునకును ఆ తల్లి రెండు వాక్యములకును మధ్య కవిత్వ మెచ్చట నున్నదని మమ్మడిగినచో, మేము తడుముకొనక తల్లివైపు చూపుదుము. ఫోనున్నది, ఆకలి యున్నది, నిద్ర యున్నది. ఆజ్ఞాపించుటయు బ్రతిమాలుటయు ఒక్కటైపోయిన క్రియారూపములున్నవి. లేనిది ఛందస్సు మాత్రమే. 23 కిలోల తూకములో ఆవకాయ నెగ్గిన సంగతియు, గోంగూర పొట్లముతో ఒక తండ్రి యింటికి తిరిగిపోయిన సంగతియు, మెంగ్ జ్యావ్ దారముకంటె తక్కువవి కావు. అవి యెవరివో వారు వ్రాయవలెను. మా వంటివారు చప్టా ప్రక్కన నిలువబడి చూచి వ్రాసినచో మరల ఆ తల్లి నోరు మూసినవార మగుదుము.

ఈ సంగతి మా యక్కగారితో చెప్పుటకు ఆదివారమునాడు పోయితిమి. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీయుచున్నది. పద్యము కథ యంతయు విన్నది. దారము మాట వచ్చినప్పుడు చేయి యాగినది గాని, మమ్ము మెచ్చుకొనలేదు. కూతురు వేసిన ప్రశ్న చెప్పగా నవ్వినది. తరువాత అడిగినది:

"ఇంతకీ ఆ అబ్బాయి తిరిగి వచ్చాడా?"

రాలేదనియు, ఉద్యోగము దొరకినపిమ్మట తల్లినే తనయొద్దకు పిలిపించుకొనె ననియు చెప్పితిమి.

అక్క చిక్కుడుకాయల గిన్నె ప్రక్కకు జరిపి, "అయితే నా పాస్‌పోర్టుకు ఏమేం కాగితాలు కావాలో కనుక్కో తమ్ముడూ" అన్నది.